ముందు సంతకం ఎవరిది

మైము లేపిక్ గురించి సోకల్ద అనే మా ఊళ్లో ఇప్పుడు ఎవరేం మాట్లాడినా నాకు ఒళ్లు మండుతుంది. తిట్టినా మండుతుంది, జాలిపడినా మండుతుంది. ఆమె లైబ్రరీ పై అంతస్తులో ఉంది, దాని కింది అంతస్తులో నా కొట్టు. ఇరవై రెండేళ్లుగా ఆమె అడుగుల చప్పుడు నా నెత్తిమీద వింటున్నాను. చెప్పాల్సి వస్తే నేనే చెప్పాలి. నా పేరు లైనె. నోటి దురుసుదాన్నని ఊళ్లో పేరుంది, అది నిజమే.

మైముకి అరవై మూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చలికాలమంతా ఒకే ఊదారంగు స్వెట్టరు వేస్తుంది. పుస్తకాలు ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఊళ్లో సగంమంది మాత్రం పుస్తకం కోసం ఆ మెట్లు ఒక్కసారీ ఎక్కలేదు. సంతకం కోసం ఎక్కేవారు.

మా దగ్గర కలంతో సంతకం పెట్టేవాళ్లు ముసలివాళ్లలో కూడా అరుదు. అందరి జేబులోనూ గుర్తింపు కార్డు ఉంటుంది, దానికి రెండు రహస్య అంకెలు ఉంటాయి. మొదటిది నేను ఫలానా అని చెప్పుకోవడానికి, రెండోది సంతకానికి. కంప్యూటరు పక్కనున్న చిన్న డబ్బాలో కార్డు దూర్చి రెండో అంకె కొట్టామంటే ఆ పత్రానికి కట్టుబడిపోయినట్టే. ఏ రోజు, ఏ గంట, ఏ సెకను అన్నది కూడా దాని మీద పడుతుంది. చించెయ్యడానికి కాగితం ఉండదు. నాది కాదని బుకాయించడానికి వీలుండదు. ఊరందరికీ ఇది నేర్పింది మైమే. "రెండో అంకె అంటే మీ నోటి మాట కోసి ఎదుటివాడి చేతిలో పెట్టడం. చదవకుండా కొట్టకండి" అని ఒక్కొక్కరికీ పదిసార్లు చెప్పేది.

ఒక ఏడాది మా ఊరి రైతు ఎండెల్ తన ట్రాక్టరు ఇచ్చి, అవతలి ఊరి మనిషి దగ్గర పడవ తీసుకుందామనుకున్నాడు. ట్రాక్టరు రాసిచ్చిన పత్రం మీద సంతకం చేసి మెయిల్లో పంపాడు. అవతలివాడు మాత్రం "ఇవాళ చేస్తా, రేపు చేస్తా" అంటూ వేసవంతా ఎండెల్ ట్రాక్టరుతో దున్నుకున్నాడు, తన పడవలో చేపలు పట్టుకున్నాడు. ఎండెల్ లైబ్రరీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు మైము ఒక పద్ధతి పెట్టింది.

ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఇద్దరూ లైబ్రరీకి రావాలి. ఎదురెదురుగా రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. ఎవరి పత్రం మీద వాళ్లు సంతకం చేస్తారు. అవి ఎదుటివాడికి వెళ్లవు, మైము దగ్గరికి వస్తాయి. ఆమె రెండూ తెరిచి చూసి "రెండూ చెల్లుతాయి" అని పైకి చెప్పి, ఇటుది అటు, అటుది ఇటు పంపేస్తుంది. మధ్యలో ఎవడైనా మొండికేస్తే రెండోవాడి సంతకాన్ని వాడి కళ్లముందే తుడిచేస్తుంది. దీన్ని మేం మైము నిమిషం అనేవాళ్లం. పొలం గట్లు, తేనెపెట్టెలు, పొట్టేళ్లు, విడాకులప్పుడు కుక్క ఎవరికి, కుట్టుమిషను ఎవరికి అన్నవి కూడా ఆ నిమిషంలో తేలాయి. పదిహేనేళ్లలో ఒక్కటి తేడా రాలేదు.

తార్తు విశ్వవిద్యాలయంలో ఈ సంతకాల గణితం చెప్పే ట్రీన్ అనే అమ్మాయి ఒక వేసవిలో మా ఊరొచ్చి ఇది చూసి నోరు తెరిచేసింది. "ముందు సంతకం ఎవరిదన్నది మా చదువులో ఎప్పటినుంచో ఉన్న తగవు. ముందు చేసినవాడు ఇరుక్కుంటాడు, రెండోవాడు ఆడిస్తాడు. దాన్ని విడదీయడానికి పేజీలకు పేజీలు లెక్కలు కడతాం. సంతకాన్ని సీలువేసిన కవరులో పెట్టినట్టు పెట్టి, లోపల నిజమైనదే ఉందని ఎదుటివాడికి నమ్మకం కలిగించి, గొడవొస్తేనే మధ్యవర్తి తెరిచేలా చేస్తాం. మీరేమో కాఫీ తాగుతూ చేసేస్తున్నారు!" అంది.

"మరి ఆ మధ్యవర్తి దొంగైతేనో?" అన్నాను నేను.

"అతను మంచివాడే అనుకుని మొదలుపెడతామండీ. చాలా పాఠాల్లో మొదటి వాక్యం అదే" అని నవ్వింది ట్రీన్. మైము కూడా నవ్వింది.

మైము భర్త ఊనో. అడవి కాపలాదారుగా పనిచేసి దిగిపోయాడు. ముప్పై ఏళ్లు చెట్లతో తప్ప మనిషితో సరిగా మాట్లాడి ఎరగడు. మూడేళ్ల కిందట ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు పట్నం ఆస్పత్రికి వెళ్లి నాలుగేసి గంటలు యంత్రం కింద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. రోజుకి తాగాల్సిన నీళ్లు కాఫీగ్లాసుతో కొలుచుకోవాలి. బంగాళదుంప వద్దు, ఉప్పుచేప వద్దు. ఇవి రెండూ లేకపోతే మా వాళ్లకి ఇంక తిండేముంది? ఊనో ఇదంతా ఊరికి చెప్పనివ్వలేదు. "కీళ్లకి వైద్యం" అని చెప్పమనేవాడు. మైము అలాగే చెప్పేది. నాక్కూడా!

వాళ్ల ఇల్లు వాగు అవతల ఉంది. ఒక వసంతంలో మంచు కరిగి వంతెన కుంగిపోయింది. మళ్లీ కట్టడానికి రెండేళ్లన్నారు. మిగిలిన దారి అడవి చుట్టూ ముప్పై నాలుగు కిలోమీటర్లు. వాన పడితే బురద, మంచు పడితే దారే కనబడదు. వాళ్లింటి నుంచి పెద్దరోడ్డుకి కిలోమీటరు కూడా లేని దారి ఇంకొకటుంది. అది పొరుగున అడవులున్న హెల్దుర్ అనే ఆసామిది. దానికి అడ్డంగా ఇనుప గేటు, గేటుకి తాళం.

హెల్దుర్‌కి ఊనో అంటే పడదు. ఇరవై ఏళ్ల కిందట నల్లకొంగ గూడు పెట్టిన చోట చెట్లు కొట్టాడని ఊనో అతని మీద ఫిర్యాదు రాశాడు. ఊరంతా మర్చిపోయింది, హెల్దుర్ మర్చిపోలేదు. అయితే వంతెన కుంగిన ఏడాదే శరదృతువులో హెల్దుర్‌కి కూడా ఒక అవసరం పడింది. అతని అడవి ముక్క ఒకటి మైము వాళ్ల గడ్డిమైదానం వెనక ఉంది. అక్కడి దుంగలు లారీల్లో బయటికి రావాలంటే ఆ మైదానం దాటాల్సిందే. సరే, ఇచ్చిపుచ్చుకుందాం అనుకున్నారు. మైదానంలోంచి లారీలు పోవచ్చని మైము ఒక పత్రం, వంతెన కట్టేదాకా మైము వాళ్ల కారు గేటు దాటొచ్చని హెల్దుర్ ఒక పత్రం.

"లైబ్రరీకి రా హెల్దుర్, అందరిలాగే చేసుకుందాం" అందిట మైము.

"నీ బల్ల, నీ కంప్యూటరు, నీ వేలు. తీర్పు కూడా నీదే. నేనేమన్నా పాలు మరవని దూడనా?" అన్నాట్ట.

అతనన్నదాంట్లో తప్పు లేదు. నన్నడిగితే నేను మధ్యన కూర్చునేదాన్ని. అడగలేదు. అడిగితే ఆ దారి ఎందుకంత అవసరమో చెప్పాలి, ఊనో జబ్బు బయటపడుతుంది. ఊరందరి తగవుల మధ్యా కూర్చున్న మనిషికి, తన తగవు మధ్య కూర్చోడానికి ఒక్కరూ లేకుండా పోయారు. దానికి నాకిప్పటికీ కోపమే. ఆమె మీదో నామీదో తెలీదు.

రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. ముందు నువ్వు చెయ్యంటే ముందు నువ్వు చెయ్యి. అక్టోబరు చివర మొదటి మంచు పడింది. ఆ మంగళవారం అడవిదారిలో కారు దిగబడిపోయి ఊనో ఆస్పత్రికి వెళ్లలేకపోయాడు. మర్నాటికి కాళ్లు ఉబ్బి బూట్లు పట్టలేదు. మైము కార్డు తీసి, రెండో అంకె కొట్టి, పత్రం హెల్దుర్‌కి పంపేసింది. పదిహేనేళ్లు ఊరందరికీ వద్దని చెప్పిన పని, తన చేత్తో తను చేసింది.

హెల్దుర్ సంతకం రాలేదు.

వారం తిరిగేసరికి లారీలు వచ్చాయి. గడ్డిమైదానం దున్నిపారేశాయి. వాటి డ్రైవర్ల దగ్గర గేటు తాళంచెవి ఉంది. ఊనో కిటికీలోంచి చూస్తుండగానే పైన్ దుంగలన్నీ ఆ దారినే పెద్దరోడ్డు ఎక్కి పోయేవి. ఆయన మాత్రం కంబళి కప్పుకుని, తెల్లారకముందే ముప్పై నాలుగు కిలోమీటర్లకి బయల్దేరాలి.

మైము హెల్దుర్ ఇంటికి నాలుగుసార్లు వెళ్లింది. మూడోసారి నేను పక్కనే ఉన్నాను, అప్పుడే నాకు జబ్బు సంగతి తెలిసింది.

"హెల్దుర్, నేను మాట నిలబెట్టుకున్నాను కదా. నీ సంతకం ఏది?"

"చేస్తాలే తల్లీ. అడవి అమ్మకం తేలనీ. దారి మీద ఇంకొకరికి హక్కుందంటే కొనే కలప కంపెనీవాళ్లు మొహం చిట్లిస్తారు."

"ఆయన చచ్చిపోతాడు హెల్దుర్."

"అంబులెన్సు వస్తే గేటు తీస్తాను. నేనేం హంతకుణ్ని కాను."

"వారానికి మూడుసార్లు ఎవడు పంపుతాడు అంబులెన్సు?"

"అయితే కొంగల్ని అడగమను" అన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తలుపేసుకున్నాడు. మైము మాత్రం ఆ గుమ్మం ముందు అలాగే నిలబడింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఇచ్చిన అనుమతి రద్దు చేసుకుంటానంటే, మార్చి ఆఖరుదాకా అని నువ్వే రాసి సంతకం పెట్టావు, కుదరదన్నారు. కోర్టుకి వెళ్తే దారి వస్తుంది, ఏడాది పడుతుంది. పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో పెడదామంటే ఖాళీ లేదు. క్రిస్మస్ తర్వాత ఊనో రెండుసార్లు వరసగా ఆస్పత్రికి వెళ్లలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడక రాత్రీ పగలూ కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. నేను జనవరిలో చూడ్డానికి వెళ్లాను. పెదాలు నీలంగా ఉన్నాయి. దాహానికి నిమ్మకాయ ముక్క నాలుక మీద పెట్టుకుని నన్ను చూసి నవ్వబోయాడు. మైము వంటింట్లో నా భుజం పట్టుకుని, "లైనె, ఇంకోసారి తప్పితే అంతేనంట. డాక్టరమ్మ చెప్పింది. మంచు పడుతోంది లైనె" అంది. గేటు తాళం గొడ్డలితో కొడదామన్నాను. "నేనొకసారి కొట్టాను. మర్నాటికి ఇంకో తాళం వేశాడు, పోలీసుకి చెప్పాడు" అంది. అప్పుడు నాకు భయమేసింది. మైము గొడ్డలెత్తడం నేను ఊహించను కూడా లేను.

ఆ వారంలోనే హెల్దుర్ తనంతట తనే లైబ్రరీ మెట్లెక్కాడు.

గేటు దారి పొడుగునా అతని రెండో అడవి ముక్క ఉంది. దాన్ని కూడా కంపెనీకి ఇస్తున్నాడు. అయితే ఆ దారి పాతకాలం నుంచి శవాలు శ్మశానానికి వెళ్లే దారి. మా ప్రాంతంలో శవం వెళ్లేటప్పుడు దారిలో ఆగి, ఒక చెట్టు బెరడు మీద చనిపోయినవాళ్ల కోసం సిలువ చెక్కుతాం. పోయిన ప్రాణం ఆ చెట్టు దాటి ఇంటికి తిరిగి రాకుండా అక్కడే నెమ్మదిగా ఉంటుందని. అక్కడి పైన్ చెట్ల మీద హెల్దుర్ తల్లిదండ్రుల సిలువలున్నాయి. భార్యది కూడా ఉంది. సిలువలున్న ఆ పదకొండు చెట్లనీ వదిలేస్తామని కంపెనీ సంతకం చేసిస్తే, అడవి కొట్టుకోవచ్చని తను సంతకం చేస్తాడు. కంపెనీవాణ్ని అతను నమ్మడు. ముందు సంతకం చెయ్యడు. ఎలా చేస్తాడు, ముందు చేస్తే ఏమవుతుందో అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?

అందుకని మైము దగ్గరికి వచ్చాడు. సిగ్గులేని మనిషి అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, అదే ఆమెకి ఊరిచ్చిన గొప్ప మర్యాద. తను మోసం చేసినా ఆమె మోసం చెయ్యదని శత్రువు కూడా నమ్మాడు.

నేను కాఫీ తీసుకుని పైకి వెళ్లాను. కంపెనీ కుర్రాడు రాగ్నర్ ఒక బల్ల దగ్గర, హెల్దుర్ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ సంతకాలు చేశారు. "మంచు ఎక్కువవుతోంది, మీరు పంపేయండి" అని రాగ్నర్ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆమె ఉన్నప్పుడు చివరిదాకా కూర్చోవాలని ఎవరికీ తోచదు.

మైము రెండూ తెరిచి చూసింది. "రెండూ చెల్లుతాయి" అంది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"పంపు మరి" అన్నాడు హెల్దుర్.

"నీది కంపెనీకి పంపుతాను. వాళ్లది నీకు పంపను."

"అంటే?"

"అంటే శుక్రవారం రంపాలు వస్తాయి. చెట్లు వదలమన్న పత్రం నీ దగ్గర ఉండదు."

హెల్దుర్ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు. "నువ్వలా చెయ్యవు. నువ్వు మైమువి."

"సోమవారం దాకా చేసేదాన్ని కాదు. సోమవారం ఆయన నన్ను గుర్తుపట్టలేదు." ఆమె హెల్దుర్ ముందున్న డబ్బావైపు చూపించింది. "కార్డు ఇంకా డబ్బాలోనే ఉంది. నీ గేటు పత్రం అక్టోబరు నుంచీ ఇక్కడే ఉంది. తెరిచి పెట్టాను. రెండో అంకె కొట్టు."

"లైనె, చూస్తున్నావా? నువ్వు సాక్షివి. చచ్చినవాళ్లని అడ్డుపెట్టి బెదిరిస్తోంది!" అన్నాడు నావైపు తిరిగి.

కాఫీ పళ్లెం అలాగే పట్టుకుని నిలబడ్డాను. కొట్టరా, కొట్టు అని లోపల అరుస్తున్నాను. ఆమె మొహం చూడలేక కిటికీవైపు తిరిగాను.

హెల్దుర్ రెండుసార్లు తప్పు అంకె కొట్టాడు. మూడోసారీ తప్పితే కార్డు మూసుకుపోతుంది. "నిదానంగా" అంది మైము, ముసలివాళ్లకి నేర్పేటప్పుడు అనే గొంతుతోనే. మూడోసారి సరిగా పడింది. ఆమె తెరిచి చూసింది. ఎవరు, ఏ రోజు, ఏ గంట, ఏ సెకను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎలా పెట్టించారన్నది దానిమీద పడదు. మూడు పత్రాలూ ఎవరివి వాళ్లకి పంపింది. హెల్దుర్ గేటు తాళంచెవి బల్లమీద విసిరేసి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అతనే నా కొట్లో నిలబడి అందరికీ చెప్పాడు. "వాడికి అలాగే కావాలి" అన్నవాళ్లే ఎక్కువ. మైము మంచి పని చేసిందన్నారు, నా కొట్లో బీరు తాగుతూ ఆమె పేరు చెప్పి గ్లాసులు ఎత్తారు. అయితే బుధవారం తేనెపెట్టెలు మార్చుకోవాల్సిన ఇద్దరూ రాలేదు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. ఎదురెదురు బల్లలు ఖాళీగా పడున్నాయి. అందరినీ అనడమెందుకు? ఆ వారం నాకూ ఒకటుంది. కొట్టు వెనక గది పాలవాడికి, అతని పాత ఫ్రిజ్జు నాకు. ఇద్దరం పక్కూరి లైబ్రరీకి వెళ్లి చేసుకొచ్చాం. ఇంట్లోనే మెట్లుండగా పక్కూరికి! ఆమెకి తెలుసు.

ఊనోకి మాత్రం ఎవరూ చెప్పలేదు. గేటు దారిలో వెళ్లిన మొదటి రోజుల్లో ఆయనకి సరిగా తెలివే లేదు; కాస్త తేరుకున్నాక ఒకరోజు నేనూ సరుకులకని వాళ్ల కారులో వెనక కూర్చున్నాను. మైము నడుపుతోంది. గేటు తెరిచే ఉంది. చుట్టూ చెట్లు కొట్టేసి మొదళ్లు మిగిలాయి. పదకొండు పైన్‌లు మాత్రం విడివిడిగా నిలబడి ఉన్నాయి.

"హెల్దుర్ ఎలా ఒప్పుకున్నాడు?" అన్నాడు ఊనో.

నేను ఏదో ఒక అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. ఆమెకి రాదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది, చివరి మాటదాకా.

ఆస్పత్రి ముందు కారు ఆగింది. ఆయన తలుపు తియ్యలేదు.

"ముప్పై ఏళ్లు వాటిమీద గొడ్డలి పడకుండా కాశాను. అందులో ఎవరెవరున్నారో నాకు పేర్లతో తెలుసు. వాళ్లని తాకట్టు పెట్టావా, నేను ఊపిరి పీల్చడానికి?"

"పెట్టాను. చెట్లకేం కాలేదు కదా?"

"అయ్యుండేది. వాడు అంకె కొట్టకపోతే నువ్వు వాడి పత్రం కంపెనీకి పంపేదానివి."

మైము కాదనలేదు. "పంపేదాన్నే" అంది. కళ్లనీళ్లు చుబుకం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. "నన్ను తిట్టు ఊనో. నా చేతి తిండి తినకు, నా మొహం చూడకు, నీ ఇష్టం. లోపలికి మాత్రం నడువు. టైమయిపోతోంది."

ఆయన కదల్లేదు. గాజుమీద ఆయన ఊపిరి ఆవిరి చిన్నచిన్నగా పడుతోంది. ఇంక దిగడేమో, ఇక్కడే ఇలాగే కూర్చుని చచ్చిపోతాడేమో అనిపించింది. మైము దిగి అటువైపు వెళ్లి తలుపు తీసి చెయ్యి చాచింది. ఊనో ఆ చెయ్యి చూశాడు.

"లైనె, నువ్వు పట్టుకో" అన్నాడు.

నేను దిగి పట్టుకున్నాను. మైము పక్కకి తప్పుకుని మాకు దారిచ్చింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. పైన ఆస్పత్రి తలుపు మూసుకునేదాకా ఆమె మంచులో అలాగే నిలబడి ఉంది, చాచిన చెయ్యి ఇంకా దించకుండా.